లగేజీకి బహువచనం

"అమ్మాయీ, పాలు లెక్కపెట్టొచ్చా?"

పడగ్గది గుమ్మందాకా వచ్చేసింది పైవాటా పిన్నిగారు. ఈమధ్యే అద్దెకు దిగిందావిడ. కింది వాటాలో ఉండే నర్సు చేతిలో బట్టల మడత ఆగిపోయింది. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది.

"లీటర్లు లెక్కపెడతాం పిన్నిగారూ, పాలను కాదు."

"మరి మనం పాలు విరిగాయి, నీళ్ళొచ్చాయి అని బహువచనంలోనే అంటాం గదా! ఇంగ్లీషులో అలా కుదరదట. మనవరాలు ఫోన్లో అడిగితే తెల్లమొహం వేశాను. కాస్త చెప్పమ్మా."

ముందు గదిలో నర్సు భర్త పేపరు వెనక మొహం దాచుకున్నాడు. తనను అడక్కుండా వేరే ఊరికి బదిలీ ఒప్పుకున్నాడని ఆమె అతనితో మాటలు మానేసింది. ఇవాళ అక్క ఇంటికి వెళ్ళిపోదామని సర్దుకుంటోంది.

పిన్నిగారు గుమ్మంలోనే కుర్చీ వేసుకుంది. "జుట్టో?"

"లెక్కపెట్టలేం," అంది నర్సు.

"కూరలో వస్తే లెక్కపెట్టొచ్చు," పేపరు వెనకనుంచి గొంతు. "ఒక హెయిర్, రెండు హెయిర్స్."

"నా వంటలో ఎప్పుడొచ్చాయట?"

అనేసి నాలిక్కరుచుకుంది. అతనితో మాట్లాడేసింది!

"ఊరికే, ఉదాహరణకి," అతను పేపరు దించాడు.

"పోనీ, లగేజీ?" పిన్నిగారి చూపు సూట్‌కేసు మీద పడింది.

"ఎన్ని పెట్టెలున్నా లగేజీయే. దానికి బహువచనం లేదు." అతని గొంతు తగ్గింది. "ఒక్క పెట్టె వెళ్ళినా ఇల్లంతా ఖాళీ అయిపోతుంది."

నర్సు తల తిప్పుకుంది. "అడ్వైసూ అంతే పిన్నిగారూ, లెక్కపెట్టలేం. ఈయన ఊళ్ళో అందర్నీ సలహా అడుగుతారు, నన్ను తప్ప."

"పొరపాటో?"

"లెక్కపెట్టొచ్చు." అతను లేచి వచ్చాడు. "నాది ఒక్కటే, కానీ పెద్దది. ముందు నిన్ను అడగాల్సింది. వద్దంటే రేపే ఆఫీసులో చెప్పేస్తాను."

"నేను వద్దన్నానా? అడగలేదన్నాను." ఆమె అతనివైపు తిరిగింది. "అక్కడి ఆసుపత్రిలో నాకు ఉద్యోగం దొరుకుతుందో లేదో కనుక్కున్నారా?"

"లేదు. ఇద్దరం కలిసి కనుక్కుందాం."

ఆమె సూట్‌కేసు పక్కకు జరిపి అతనికి చోటిచ్చింది. చాలాసేపటికి గుమ్మంవైపు చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

"అయ్యో, పాఠం మధ్యలోనే ఆగిపోయింది," నొచ్చుకుంది నర్సు. "పాపం, మనవరాలికి ఏం చెబుతారో!"

"రేపు నేను కూర్చోబెట్టి నేర్పిస్తాలే," అన్నాడతను.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిన్నిగారు చెప్పింది ఇంగ్లీషు పాఠాలే.