ఎడమ చెంప మీద మచ్చ

"అద్దంలోలా తిప్పి ప్రింట్ తీయడం మరిచిపోయారండీ," అంది కొట్టాయన భార్య. సాయంత్రం ఫోటో ఇచ్చిన మనిషికి మచ్చ కుడి చెంపన ఉంది. ఫోటోను వేడితో అచ్చువేసే హీట్ ప్రెస్‌లోంచి తీసిన కీచైన్ రేకు బిళ్ల మీద అది ఎడమ చెంపకొచ్చింది.

"పారేస్తే మనకే నష్టం. కీచైన్‌ని భూతద్దం పెట్టి ఎవడు చూస్తాడే?" అంటూ ఆయన తమ పాప ఫోటోతో ఇంకో బిళ్లను ప్రెస్‌లో పెట్టి, ధీమాగా వెళ్లి షట్టర్ ఎత్తాడు.

ఆ రాత్రివేళ వీధిలో చప్పుడే లేదు. కీచైన్ కోసం వచ్చిన ఆ ఫోటో మనిషి బిళ్ల చూసుకుని, "అచ్చు నేనే," అన్నాడు. లైటు వెలుగులో అతని మచ్చ ఎడమ చెంపనే ఉంది.

ఆయన అలాగే చూస్తూ నిలబడిపోయాడు. వెనక ప్రెస్ నుంచి కమురు వాసన వచ్చింది. మేడ మీద నిద్రపోతున్న పాప కెవ్వుమంది.

"ప్రెస్ త్వరగా ఎత్తండి!" అంది భార్య.

పరుగెత్తి పిడి పట్టుకున్నాడు. ఇంకా ఎత్తనేలేదు, పైన ఏడుపు ఆగిపోయింది.