హులిగమ్మ నోరు

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయి ఉంటే మన్నించండి. నా చేయి నిదానం, అందుకే కథ కూడా చిన్నదే.

"అవ్వా, ఒక్కసారి తిట్టు. నాకోసం."

ఆ మాటకు హులిగమ్మ చేతిలోని చేట జారిపోయింది. చెరుగుతున్న కందులు వాకిలంతా పడ్డాయి. వాటిని ఎత్తుకోకుండా ముందు లేచి వెళ్లి వీధి తలుపు మూసి వచ్చింది.

"మెల్లగా మాట్లాడు తల్లీ. పక్కింటోళ్లు ఇన్నారంటే పిల్లోళ్లను లోపలికి గుంజుకుంటారు."

అడిగిన మనిషి మేధ. ఆదోనిలో కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతుంది. ఆలూరు దాకా బస్సులో వచ్చి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని ఈ పల్లెకు చేరింది. హులిగమ్మ తిట్లు ఫోనులో ఎక్కించుకుని పిల్లలకు పాఠంగా పెడుతుందట.

ఒకప్పుడు హులిగమ్మ నోరు తెరిస్తే ఊరంతా నిలబడి వినేది. ఆమె తిట్టుకు ఒక పద్ధతి ఉంది. పిడికెడు మన్ను పట్టుకుని తప్పు చేసినవాడి పేరు, వాడి తల్లి పేరు చెప్పాలి. వాడు చేసిన తప్పు చెప్పాలి. ఆ తర్వాతే తిట్టు మొదలు. చివరి మాటతో మన్ను ఎత్తి పోయాలి. తన చేని గట్టు దున్నేసుకున్న మద్దయ్య మీద అట్లాగే పోసింది. మళ్లీ సంత రాకముందే మద్దయ్య పత్తి చేనులో కుప్పకూలిపోయాడు.

అప్పటినుంచి ఆమె ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు కందులు పొడుచుకు తింటున్న కోడిని కూడా "పో తల్లీ, పో నా బంగారూ" అని బతిమాలుతోంది. కళ్లు మూసుకుంటే చాలు, మద్దయ్య పెండ్లాం ముఖమే కనబడుతుంది.

"ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాను. ఇంక ఆ నోరు ఇప్పనని."

"అది తిట్టు కాదవ్వా, సాహిత్యం."

"అంటే?"

"అంటే, చదువుకోదగ్గ మాట. దీపం దగ్గర మొదలుపెట్టి పాడె దాకా మెట్టు మెట్టూ ఎక్కిస్తావంట కదా. రాజులను పొగిడిన పద్యాలు మేము పిల్లలతో బట్టీ పట్టిస్తాము. పొగిడితే చదువు, తిడితే కాదా?"

"పొగిడితే ఆ రాజులు సావకుండా ఉండిపోయినారా? నేను తిడితే మద్దయ్య సచ్చినాడు."

మేధ నవ్వింది. "మాటకు మనుషులు చస్తే, మా క్లాసులో ఒక్కరైనా మిగులుతారా? మద్దయ్యకు గుండె జబ్బు. వాళ్లింట్లోనే చెప్పినారు నాకు."

హులిగమ్మ ఆమె ముఖాన్ని పరీక్షగా చూసింది. "నిజంగా? నన్ను సమాధానపరచడానికి సెప్తాండావా?"

"నిజం. పోనీ, ఒక పని చేద్దాం. లేని మనిషి పేరు చెప్తాను. వాని మీద తిట్టు. లేనోడు ఎట్లా చస్తాడు? నోరు విప్పినా ఏమీ కాదని నీకే తెలుస్తుంది. నీ భయమూ పోతుంది, నా పాఠమూ అవుతుంది."

మద్దయ్య చావు తన పాపం కాదని ఎవరైనా ఒక్కరు అంటే చాలని ఇన్నాళ్లూ ఎదురుచూసింది హులిగమ్మ. ఇప్పుడు చదువుకున్న మనిషి ఇంటికి వచ్చి చెబుతోంది. నమ్మాలనిపించింది. నమ్మడానికీ భయమేసింది.

"సదువుకునే మాటంటే, పని చేయని మాటన్నమాట," అంది చివరికి.

"అంతే అనుకో."

హులిగమ్మ వంగి మన్ను తీసింది. సగం వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. మళ్లీ తీసింది.

"పేరు?"

"అచ్యుత్."

"తల్లి?"

"వేదవతి."

"ఏం జేసినాడు? తప్పు తెలియకుంటే నాకు మాట రాదు."

మేధ ఫోనును అరుగు మీద పెట్టి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "పెద్ద పంతులు. పుస్తకాలిస్తానని ఒక ఆడపిల్లను ఇంటికి పిలిచినాడు. ఆ పిల్ల ఇప్పుడు గది దాటి రాదు. వాడు మాత్రం రోజూ క్లాసుకు పోయి పద్యాలు చెప్తాడు."

"థూ! లేనోడైనా నా కడుపు రగులుతాంది."

హులిగమ్మ కళ్లు మూసుకుంది. గొంతు మొదట పీలగా వచ్చింది, తర్వాత ఖంగుమంది.

"వేదవతి కొడుకా, అచ్యుతూ! నీ ఇంటి దీపం నీ నీడ సూసి ఆరిపోను. నీ గడప నీ కాలు తగిలి పగిలిపోను. నీవు తాగే నీళ్లు నీ గొంతు దాక వచ్చి ఎనక్కి మళ్లిపోను. నిన్ను పిలిసే నోళ్లు నీ పేరు మరిసిపోను. నిన్ను మోసే నలుగురు నడిదోవలో దించిపోను!"

మన్ను గాలిలోకి లేచింది.

హులిగమ్మ చెవులు మూసుకుని గోడ వారగా కూలబడింది. ఎవరో ఒకరు కేక పెడతారని చూసింది. ఎవరూ పెట్టలేదు. కోడి మళ్లీ కందుల మీదికి వచ్చింది. వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఏం కాలేదు," అంది నమ్మలేక. "ఏం కాలేదు కదా తల్లీ? నా నోటితో ఏం కాలేదు! మద్దయ్యను నేను సంపలేదు!"

నవ్వుతూనే ఏడ్చింది. కోడి మీద చేట విసిరి "నీ కాళ్లిరగ!" అంది హాయిగా, ఎన్నాళ్లకో.

మేధ నవ్వలేదు. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా పోయి, తిరిగి వచ్చి, ముసలామె రెండు చేతులూ పట్టుకుని గొంతు తగ్గించి అడిగింది.

"అవ్వా, ఎన్నాళ్లకు తగులుతుంది?"

— భీమమ్మ, అరవై ఆరేళ్లు, ఇప్పుడు ఉండేది ఎమ్మిగనూరులో