కొయ్యకూడని పుండు

కెనడాలోని సాస్కటూన్‌లో పేరున్న సర్జన్ ఫ్రీసెన్‌కి పిక్క మీద చిన్న పుండు పుట్టింది. చీము పట్టిందేమోనని సాటి సర్జన్‌తో కోయించి శుభ్రం చేయించుకున్నాడు. కోయించినకొద్దీ అది పాకి, అరచేయంత అయింది. అప్పుడుగానీ చర్మవైద్యురాలు నోరీన్ దగ్గరికి రాలేదు.

ఆమె ఆ పుండుకున్న ఊదారంగు అంచు చూసి, రిపోర్టులన్నీ తిరగేసింది.

"ఇందులో క్రిములు లేవు సార్. మీ ఒళ్ళే మీ చర్మం మీద తిరగబడింది. కత్తి తగిలితే ఇంకా రెచ్చిపోతుంది. మాత్రలిస్తాను. దయచేసి ఇక దాని జోలికి పోకండి."

"సర్జన్‌కే కొయ్యొద్దని చెప్తున్నావా?" అని నవ్వాడాయన.

మాత్రలకి పుండు నెమ్మదిగా దారికొచ్చింది. డిసెంబరులో నోరీన్ కట్టు విప్పి మురిసిపోయింది.

"పూర్తిగా మానింది. చాలా అరుదైన జబ్బు సార్, మీరెప్పుడూ చూసుండరు."

ఫ్రీసెన్ మచ్చ తడుముకున్నాడు.

"చూశాను నోరీన్. ఒకావిడకి అచ్చం ఇలాగే ఉండేది. కోసేకొద్దీ పాకుతుంటే, చివరికి మోకాలి దాకా కాలు తీసేశాను," అన్నాడు. "ప్రాణం నిలబెట్టానని ఆవిడ ప్రతి క్రిస్మస్‌కీ అల్లం బిస్కెట్లు చేసి పంపుతుంది. నిన్ననే వచ్చాయి."