పొదుగు పెట్ట

"ఆ పెట్టనియ్యమ్మా."

పెద్దాయన వేలు చూపించిన వైపు చూసి సరళ నవ్వాపుకోలేకపోయింది.

మూలనున్న బుట్టలో ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది పెట్ట. పొదుగుకు కూర్చుని పది రోజులైంది. తిండీ లేదు, గుడ్డూ లేదు. ఒంటి మీద మాంసం అంతకన్నా లేదు.

"అది పొదుగుకు కూర్సోని ఉండాదప్పా. కోస్తే బొమికలే మిగిల్తాయి. ఆ ఎర్ర పుంజును తీస్కో, రెండు కేజీలుంటాది."

"పుంజు వద్దులేమ్మా. అదే ఇయ్యి."

సరళకు తల గోక్కోవాల్సి వచ్చింది. పుంగనూరు రోడ్డులో షెడ్డు వేసి ఏడాదిన్నర. మదనపల్లె నుంచి కార్లలో వచ్చేవాళ్లంతా పుంజు కోసం ఎగబడేవాళ్లే.

ఎగబడరూ మరి! ఆమె మొగుడు ప్రకాష్ బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాడు: 'మా సొంత నాటు జాతి. రుచి చూసి మాట్లాడండి.' సొంతమంటే, ఒక వ్యాపారి దగ్గర వ్యానుకు వ్యాను దింపుకున్నవే. డబ్బిచ్చాక సొంతం కాక మరేమిటి?

ఆ పెట్టనే కొనుక్కుపోయిన పెద్దాయన తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. మళ్లీ పొదుగు పెట్టే కావాలన్నాడు.

"యాడి నుంచి వస్తాండావప్పా?"

"కుప్పం కాడ నుంచమ్మా."

"కోడి కోసరం అంత దూరమా?"

"ఆడ ఇట్లాంటివి లేవమ్మా."

ఆ మాటకు సరళ ఉబ్బితబ్బిబ్బయింది. పీట వేసి కూర్చోబెట్టి మరీ పాఠం చెప్పింది.

"పొద్దస్తమానం బయట తిరగాలప్పా కోడి. సెదలు, పురుగులు, రాలిన రాగులు ఏరుకోని తినాల. అప్పుడే ముక్కకు రుసి. నీకు తెలీదులే, కోడిని పెంచేదంటే పిల్లోళ్లను సాకినట్టే."

"అట్లనామ్మా," అంటూ చేతులు కట్టుకుని విన్నాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇదే వరస. పేరు గంగప్ప అని తెలిసింది. అంతకు మించి ఏమీ తెలియలేదు. ఒక్కనాడూ కోసిమ్మనలేదు. ఆయన "బో బో" అంటే చాలు, షెడ్డులో కోళ్లన్నీ కాళ్ల చుట్టూ చేరేవి. రోజూ మేతేసే సరళ పిలిస్తే సగమే వచ్చేవి.

"రుసి ఎట్లుండాదప్పా?" అని అడిగితే, "బాగుండాయమ్మా" అనేవాడు.

బాగుండాది అనాలి గానీ, బాగుండాయేమిటి? ముక్కల గురించి కాబోలు అని సరిపెట్టుకుంది.

పదకొండో ఆదివారం నల్ల పెట్ట దగ్గర ఆగాడు.

"దీన్ని కింద గుడ్లతో సహా ఇస్తావామ్మా? ఇంగ మల్లా రాను."

ఆ రోజు ప్రకాష్ ఇంట్లోనే ఉన్నాడు. సరళను పక్కకు పిలిచాడు.

"గుడ్లు కూడానా? వీడు కూరకు కొనేవాడు కాదే. బ్రోకరు! మన జాతిని ఆడ పెంచి బెంగళూరు రైలెక్కిస్తాడు."

సరళకు అవుననిపించింది, కాదనిపించింది. ఆ ముఖం చూస్తే బ్రోకరులా లేదు. కానీ బ్రోకరని ముఖాన రాసుంటుందా?

"ఇయ్యనప్పా," అంది. "మా జాతి నీకు యాల? యాడన్నా పోయి ఎతుక్కో."

గంగప్ప ఏదో చెప్పబోయాడు. నల్ల పెట్టను ఓసారి చూసుకుని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.

ఆ సాయంత్రమే సరళ దాన్ని ఎవరికో కోసిచ్చేసింది. పీడా పోయిందనుకుంది.

పొదుగుకు కూర్చుంటే గుడ్లు మానేస్తాయని, మిగతా పొదుగు పెట్టలనూ అమ్మేశారు. పిల్లల్ని తీయడానికి మిషన్ కొన్నారు. వందలకొద్దీ పిల్లలొచ్చాయి.

ఎన్నొచ్చి ఏం లాభం? అన్నీ మేత తొట్టి దగ్గరే నిలబడ్డాయి. చేన్లోకి తరిమినా గీరడం తెలియదు. పురుగు కనిపిస్తే బెదిరేవి.

"ఏమక్కా, ఇది బాయిలర్ మాదిరి ఉండాదే?" అన్నాడొకాయన. తర్వాత ఇంకొకాయన. కార్లు రావడం తగ్గింది. ఉగాదికి షెడ్డు ముందు ఒక్క బండీ ఆగలేదు. మేత అదే, నీళ్లు అవే, రుచి ఎటు పోయిందో సరళకు అంతుపట్టలేదు. ఇలాగే ఉంటే షెడ్డు మూసుకోవాల్సిందే.

పాత కోళ్లన్నీ కూరకే పోయాయి, ఇంకెక్కడున్నాయి? పెంచుతాడన్న ఆ గంగప్ప దగ్గర తప్ప!

సరళ బస్సెక్కి కుప్పం పోయింది. ఆ ఊరూ ఈ ఊరూ అడిగి ఇల్లు పట్టుకుంది.

దొడ్లో అడుగు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. పెట్టల వెనక పిల్లలు. తల్లి గీరితే పిల్లా గీరుతోంది. తల్లి పొడిస్తే పిల్లా పొడుస్తోంది. ముసలమ్మ ఒకామె రాగులు చల్లుతోంది.

"గంగప్ప లేడామ్మా?"

"నెల దినాలాయె తల్లీ, కాలం సేసి. నేను ఆయప్ప పెండ్లాన్ని, పాపమ్మని."

అయినా వచ్చిన పని అడక్క తప్పదు.

"ఇవి మా జాతి కోళ్లమ్మా. పుంగనూరు కాడ మా షెడ్డులోవి. రెండు పెట్టలూ ఒక పుంజూ ఇస్తే..."

పాపమ్మ చల్లడం ఆపి తేరిపార చూసింది.

"సరళమ్మ నువ్వేనా? నువ్వు సెప్పే పాఠాలు ఇంటికొచ్చి నాకు సెప్పి ఒకటే నవ్వు. తాతకు దగ్గులు నేర్పిస్తా ఉండాదే అని."

"ఎందుకమ్మా నవ్వడం?"

పాపమ్మ చేటను నేల మీద పెట్టింది.

"వాళ్ల తాత కాలం నుంచి పెంచుకున్న కోళ్లన్నీ నా ఆపరేషనుకని ఒక్క దినంలో వ్యానెక్కించి, వాటినే మల్లా వారానికొకటి నీ కాడ కొనుక్కోని తెచ్చుకున్నాడమ్మా."