పరాయి బర్రె

"బర్రెను పందెం కడుతున్న! ఎవలు కాస్తరో రాండ్రి!"

మొయినాబాద్‌లో బస్సు ఆగేచోట మొగుడు బాలమల్లు అరిచిన అరుపు ఇంట్లో ఉన్న శంకరమ్మకు వినబడింది.

చంకలో ఎనిమిది నెలల ఆడపిల్లతో వాకిట్లోకి పరుగెత్తింది.

బాలింత జ్వరంలో ఆమె పాలు ఎండిపోయాయి. పిల్ల బతుకుతున్నది ఆ ఒక్క బర్రె పాల మీదనే.

పట్నంలో క్రికెట్ కప్పు కోసం ఆఖరి ఆట పెట్టారు. అది ఆ రోజుతో ముగుస్తుందని అందరూ అనుకున్నారు. ఆ ఆటను ఈ ఊళ్లో కళ్లతో చూసినవాడు లేడు. అయినా చేవెళ్ల సావుకారి ముకుందం పెట్టిన అంగడి ముందు మూడు రోజులుగా దాని మీదనే పందేలు. రెండు జట్లూ కలిపి ఏడు వందల పరుగులు దాటుతాయా, దాటవా?

"దాటయి," అన్నాడు బాలమల్లు. "ఇరవై ఇద్దరు మనుషులు. తలా ముప్పై సార్లు ఉరికినా ఆరు వందల అరవై. గీ ఎండల ముప్పై సార్లు ఉరికినోడు మల్ల లేస్తడా?"

నిజమే కదా అన్నట్టు జనం తలలూపారు.

"ముప్పై రూపాయలు పెడుత," అన్నాడు ముకుందం. "దాటకుంటే పైసలు నీయి. దాటితే బర్రె నాది."

"ఏమయ్యా, నీ కాల్మొక్త. పిల్ల నోట్ల మన్ను కొట్టకు," శంకరమ్మ ఏడ్చింది.

"లోపలికి నడువు. రేపు నీ వాకిట్ల రెండు బర్రెలు కట్టేస్త."

పొద్దుటి బస్సు దిగిన ముసలాయన ఒకడు అంగడి అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. ఎవరో ఎవరికీ తెలియదు. చిలుకూరు గుడికి పోతూ మంచినీళ్ల కోసం ఆగాడు.

"కొడుకా, బంతి గీత దాటితే ఉరకకుంటనే నాలుగు రాసుకుంటరు," అన్నాడు మెల్లగా.

"ఉరకకుంటనే ఉరుకులా? పెండ్లి గాకుంటనే పిల్లలా తాతా?"

అందరూ గొల్లుమన్నారు.

ముసలాయన నవ్వలేదు. శంకరమ్మ చంకలోని పిల్లను చూశాడు.

"అట్లయితే నాతోని కాయి. సావుకారి ముప్పై అన్నడు, నేను నలభై పెడుత. దాటుతయని నేనంట."

ముకుందం ముఖం మాడింది. "నడుమల నువ్వెవడివి ముసలోడా?"

"నీ ముప్పై నీ తాననే ఉంచుకో సావుకారి," అన్నాడు బాలమల్లు. నలభై అన్న మాట చెవిన పడగానే అటు తిరిగిపోయాడు.

ఆ పూట శంకరమ్మ పొయ్యి వెలిగించలేదు. బర్రె మెడ పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం బస్సు కండక్టర్ సాముయేలు పట్నంలో కనుక్కుని వచ్చాడు. బస్సు ఆగకముందే తలుపు దగ్గర వేలాడుతూ కేకేశాడు.

"ఏడు వందల నలభై రెండు!"

బాలమల్లు తల వంచుకుని బర్రెను విప్పుకొచ్చాడు.

చిలుకూరు నుంచి తిరిగి వచ్చిన ముసలాయన అయిదుగురు పెద్దమనుషుల ముందు బర్రె పలుపు అందుకున్నాడు.

"నీ చేతులు పడిపోను! నీకు ఆలుబిడ్డలు లేరా?" శంకరమ్మ దోసెడు మన్నెత్తి పోసింది.

మన్ను ఆయన తలపాగా మీద పడింది. ఆయన దులుపుకోలేదు.

"ఈ బర్రె నాదేనా?" అని పెద్దమనుషులను అడిగాడు.

"నీదే."

"అట్లయితే వినుండ్రి. నా బర్రెను ఈ బిడ్డ తాన మేపనీకి ఇడుస్తున్న. పాలు పసిపిల్లయి. పరాయి బర్రెను అమ్ముడు, పందెం కట్టుడు ఇగ బాలమల్లు వశం గాదు. కట్టిండంటే దొంగతనమే."

పలుపు శంకరమ్మ చేతిలో పెట్టి పట్నం బస్సెక్కాడు.

ఆమె పలుపు పట్టుకుని బస్సునే చూస్తూ నిలబడింది. పేరైనా అడగలేదు.

మొదట్లో భయమే. జూదగాడి మాటను ఎంతని నమ్మడం? బస్సు ఆగినప్పుడల్లా, తోలుకుపోవడానికే వచ్చాడేమోనని బర్రెను ఇంటి వెనక్కి మళ్లించేది.

ఆయన రాలేదు.

రెండుసార్లు బాలమల్లు చెయ్యి దురద పెట్టింది. రెండుసార్లూ "పరాయి సొత్తురా" అని ఊరే అడ్డం పడింది. మూడోసారి అతడికే సిగ్గేసింది.

పిల్ల బుగ్గలు నిండాయి. నడిచింది. వాగింది. బర్రె వెంట ఉరికింది.

"ఏ జూదగాడివో గని, నా పాలిటి తండ్రివి," అని శంకరమ్మ పాలు పిండే ముందు రోజూ ఒక దండం పెట్టేది. ఆయన వంతని నెలనెలా ఇంత నెయ్యి తీసి ఉంచేది.

ఒకనాడు ఆ నెయ్యి దుత్తను సాముయేలు చేతికిచ్చింది.

"అన్నా, నీకు పుణ్యముంటది. పట్నంల పందేలు కాసేటోళ్ల తాన దేవులాడు. మన్ను పోసిన చేతులే దండం పెడుతున్నయని చెప్పు."

నెల తిరిగాక సాముయేలు దుత్తను అట్లాగే వెనక్కి తెచ్చాడు.

"దొరకలే చెల్లె. పందేలోళ్లల్ల ఎవ్వలకు ఆయన ఎరుకనే లేడు. పుట్టి బుద్ధెరిగినంక ఒక్కటే పందెం కాసిండట. గదీ ఈడనే."

"మరి నీకెట్ల తెలిసె?"

"ఆట ఆడే మైదానమోళ్లు చెప్పిన్రు. ఆయనకు ఆడనే కొలువుండె. ఆడ పనిచేసేటోళ్లు పందెం కాయొద్దని కట్టడి. మన ముకుందం ఆడికి పోయినప్పుడు గుర్తువట్టి పందెం సంగతి చెప్పిండు. ఆ దినమే కొలువు తీసేసిన్రు. ఏ ఊరు పోయిండో ఎవ్వలకు తెల్వది."

శంకరమ్మ దుత్తను రొమ్ముకు హత్తుకుంది.

"ఏం కొలువన్నా?"

సాముయేలు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆట మన పందేనికి ముందటి రోజు మాపటికే అయిపోయింది చెల్లె. నిచ్చెనెక్కి ఆ ఆఖరి అంకెలు ఉరుకుల లెక్క జూపే పలక మీద తగిలించి, తెల్లారి మన బస్సెక్కిన మనిషి ఆయన."