కోల్బీ దిగాడు

"దిగు. ఒక్కసారి బంతి కదిలి ఆగగానే పడిపో," అన్నాడు కోచ్ హాల్వర్సన్.

కోల్బీకి అర్థం కాలేదు. హెల్మెట్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "పడిపోవడమేంటి కోచ్?"

"మోకాలు పట్టుకుని పడిపోరా! మనవాళ్లకి ఊపిరాడట్లేదు, కనబడట్లా? ఆ నీలం చొక్కాల వాళ్లు నీళ్లు తాగే సందు కూడా ఇవ్వట్లేదు. దెబ్బ తగిలి ఎవడైనా పడితే రెఫరీ ఆట ఆపి తీరాలి. అంతే నీ పని."

"మరి... నేను ఆడొద్దా?"

"అది కూడా ఆటేరా బాబూ. కదులు!"

సీజన్‌లో ఆఖరి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అది. ఇంకా మూడు నిమిషాలుంది. కోల్బీ వాళ్ల కాలేజీ నాలుగు పాయింట్లు ముందుంది. ఈ మూడు నిమిషాలూ కాచుకుంటే పందొమ్మిదేళ్ల తర్వాత కప్పు ఇంటికొస్తుంది. అవతలివాళ్లు మాత్రం ఒక్కచోట చేరి మాట్లాడుకోవడం కూడా మానేసి, పడ్డవాడు లేచేలోపే మళ్లీ బంతి అందుకుని మీదకొచ్చేస్తున్నారు.

కోల్బీ పరుగెత్తాడు. బెంచీ మీద కుర్రాళ్లు గోల మొదలుపెట్టారు.

"ఒరేయ్, కోల్బీ ప్యాంటుకి ఇవాళ మట్టి అంటుతుందిరోయ్!"

"మురికి చేశావంటే మీ అమ్మ తంతుంది, జాగ్రత్త!"

వాళ్లు నవ్వడంలో తప్పులేదు. నాలుగేళ్లుగా ప్రాక్టీసులో రోజూ ఒళ్లు హూనం చేసుకున్నాడు గానీ, మ్యాచ్‌లో ఒక్కసారీ గీత దాటి లోపల కాలుపెట్టలేదు. వచ్చే ఏడాదికి చదువైపోతుంది. ఇవాళ కాకపోతే ఇక లేదు. వాళ్లమ్మ డార్లా వారమంతా స్కూలు బస్సు తోలి, శనివారం మూడు గంటలు కారు తోలుకుని వచ్చి, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని, ఆ చలిలో బెంచీ మీద కూర్చున్న కొడుకుని చూసి వెళ్లేది.

"అరవై మూడో నంబరు, కోల్బీ రస్టాడ్!" అంది మైకు.

"మావాడే! మావాడే!" అని పైవరసలోంచి ఒక గొంతు చిరిగిపోయేలా అరిచింది. ఆ గొంతు ఎవరిదో కోల్బీకి వేరే చెప్పక్కర్లేదు.

ఎదురుగా ఎద్దులాంటివాడు నిలబడ్డాడు. బంతి కదిలింది. కోల్బీ తల వంచి, ఉన్న బలమంతా పెట్టి వాణ్ణి ఒక్క తోపు తోశాడు. వాడు రెండడుగులు వెనక్కెళ్లాడు! బంతి పట్టుకున్నవాడు దారి మూసుకుపోయి అక్కడికక్కడే కూలబడ్డాడు. నేను ఆడగలను, అనుకున్నాడు కోల్బీ. నాలుగేళ్లూ ఆడగలిగేవాణ్ణే.

"ఊఁ!" అని గీత అవతల్నుంచి కోచ్ గర్జించాడు.

కోల్బీ మోకాలు పట్టుకుని పడిపోయాడు.

ఈల మోగింది. మూడు వేలమంది ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు. అవతలి జట్టు జట్టంతా మర్యాదగా ఒంటి మోకాలి మీద కూర్చుంది. ఇందాక తోయించుకున్న ఆ భారీ మనిషి దగ్గరకొచ్చి, "బలే తోశావు బ్రో. ఏం కాదులే, నీకోసం ప్రార్థన చేస్తాను," అని నిజంగానే కళ్లు మూసుకున్నాడు. కోల్బీ ముఖం గడ్డిలో దాచుకున్నాడు. భూమి చీలితే బావుణ్ణనిపించింది.

కట్లు కట్టే మేడమ్ సంచీతో పరుగెత్తుకొచ్చింది. మోకాలు నొక్కింది, వంచింది, చాచింది. ఆవిడకి రెండు క్షణాల్లో తెలిసిపోయింది.

"కుంటేటప్పుడు ఈ కాలే కుంటు. మర్చిపోకు," అంది పళ్ల బిగువున.

ఇద్దరి భుజాల మీద చేతులేసి కుంటుకుంటూ వస్తుంటే మైదానమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అవతలివాళ్ల జనం కూడా కొట్టారు. ఇన్నేళ్లూ కలలో విన్న చప్పట్లే. ఒక్కొక్కటీ చెంప మీద పడుతున్నట్టుంది. తలెత్తి పైవరస వైపు చూడలేకపోయాడు. ఈలోగా కోల్బీ జట్టువాళ్లు తీరిగ్గా నీళ్లు తాగి, మూతులు తుడుచుకుని, మళ్లీ వరసలో నిలబడ్డారు.

గెలిచారు. కుర్రాళ్లు కోచ్‌ని భుజాల మీదకెత్తుకున్నారు. ఆ ఊరేగింపులోంచే ఆయన వంగి కోల్బీ తల మీద చరిచాడు. "శభాష్! నీవల్లేరా ఇదంతా!"

కోల్బీకి ఏడుపొచ్చింది. ఎవరికి అబద్ధం చెప్పినా చెప్పొచ్చుగానీ అమ్మకి మాత్రం చెప్పకూడదు, నిజం చెప్పేసెయ్యాలి, చీదరించుకుంటే చీదరించుకోనీ, అనుకున్నాడు.

డార్లా జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని ముందు చతికిలబడింది. టోపీ ఎక్కడో పడిపోయింది. రెండు చేతుల్తో మోకాలు తడుముతోంది.

"విరిగిందా నాన్నా? ఏమన్నారు?"

"అమ్మా, నా కాలికేం కాలేదు."

"నన్ను ఓదార్చకు. నువ్వు పడ్డం నా కళ్లతో చూశాను."

"ఓదార్చడం కాదమ్మా, నిజం. విను, అసలు జరిగిందేంటంటే..."

"నేను చేసిన పాపంరా ఇది!" అంటూ డార్లా కొడుకు మోకాలి మీద తల ఆన్చి భోరుమంది. "పొద్దున కోచ్ గదికెళ్లి ఆయన చేతులు పట్టుకుని బతిమాలింది నేనే, ఏ పనికైనా సరే, ఒక్కసారి మావాణ్ణి దింపండి బాబూ అని!"