మేక గొంతు

"చేరిన రోజు నుంచీ మనోయ్‌నా నోటి వెంట మేమొక్క మాట వినలేదు," అంది శిశువిహారం 'కిటా'లో టీచరు ఫ్రౌ కెర్నర్. "ఇలాగైతే ఈ ఏడు బడికి పంపలేం. మాటల ఇబ్బంది ఉన్న పిల్లలకు హైడెల్‌బర్గ్ ఆ చివర వేరే కిటా ఉంది. అక్కడొక చోటు ఖాళీ అయింది. ఈ రోజే ఔననో కాదనో చెప్పాలి."

'జ'ను 'య' చేసి పిలవడం ఈ జర్మన్లకు మామూలే. మనోజ్ఞ అని సరిచేసే ధైర్యం గిరిజకు ఆ పూట లేకపోయింది.

"ఇంట్లో బాగా మాట్లాడుతుందండీ. ఆపమన్నా ఆపదు. ఇల్లు మారకముందు పాత కిటాలో కూడా మాట్లాడేది."

ఫ్రౌ కెర్నర్ మర్యాదగా తల ఊపింది. ప్రతి తల్లీ ఇదే మాట అంటుందని ఆ ఊపులోనే తెలుస్తోంది. "ఆ కిటా వాళ్ల నంబరు తెస్తాను, మీరిద్దరూ మాట్లాడుకోండి," అని పక్క గదిలోకి వెళ్లింది.

కిటికీ దగ్గర, చేపల తొట్టి పక్కన, అయిదేళ్ల మనోజ్ఞ పెదాలు బిగించి కూర్చుంది.

"ఏవండీ, ఆ కిటా వద్దండీ. మన పిల్లకేం లోపం లేదు," అంది గిరిజ తెలుగులో, గొంతు తగ్గించి.

"మనకు తెలిస్తే చాలదుగా," అన్నాడు విశ్వతేజ. "నువ్వు ఇల్లు దొరకాలని శనివారాలు మౌనవ్రతం పట్టావు, దొరికింది. ఇప్పుడు పిల్ల మాట్లాడాలని ఏం పడతావ్, వాగుడు వ్రతమా?"

"వెటకారాలు ఆపండి."

"అప్పుడు దేనికి పట్టావో నాకైనా చెప్పావా? నామీద అలిగావేమో అనుకున్నా."

"మొక్కు ఫలించేదాకా బయటికి చెప్పకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

మనిషి నోరు మూసుకుంటే దేవుడికేం ఒరుగుతుందో గిరిజకూ అర్థం కాదు. ఎన్నోసార్లు దీపం వెలిగిస్తూ ఆయన్నే అడిగింది. జవాబు రాలేదు, ఇల్లు మాత్రం దొరికింది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఫ్రౌ కెర్నర్ నంబరు కాగితంతో తిరిగొచ్చి కూర్చుంది. "సరే, ఇంట్లో మాట్లాడుతుందన్నారు. ఎవరితో ఎక్కువ?"

భార్యాభర్తలు ముఖాలు చూసుకున్నారు.

"మేకతో," అన్నాడు విశ్వతేజ.

"మేకను పెంచుతున్నారా? ఫ్లాట్‌లో?"

"బొమ్మ మేకండీ. పాత బ్రిటిష్ పిల్లల ప్రోగ్రాం. ఇల్లు మారిన కొత్తలో పాత సామాన్ల సంతలో డిస్కులు కనబడితే, ఇంగ్లీషు వస్తుంది కదా అని కొన్నాను. మిస్టర్ పిల్‌బీమ్ అని గడ్డం మేక. దాన్ని చేతికి తొడుక్కుని ఆడించే ఆయన బల్ల కిందెక్కడో ఉంటాడు. ప్రోగ్రాం మొత్తం ఆ మేకే నడుపుతుంది. పిల్లలు రాసిన ఉత్తరాలు చదువుతుంది, నచ్చితే నమిలేస్తుంది."

ఫ్రౌ కెర్నర్‌కు నవ్వాగలేదు. "మరి మనోయ్‌నా దానితో ఏం మాట్లాడుతుంది?"

"గొంతు నొప్పి తగ్గిందా, శొంఠి కషాయం తాగావా అని అడుగుతుంది," అంది గిరిజ. "పాపం, ఆఖరి డిస్కులో ఆ మేకకు జలుబు చేసి మాట పడిపోతుంది. మెడకు మఫ్లర్ చుట్టుకుని కూర్చుంటుంది. అంతే, బల్ల వెనక దీపం ఆరిపోతుంది. మా పిల్ల రోజూ అదే పెట్టించుకు చూస్తుంది."

"తర్వాత ఏమైంది?"

"తెలీదండీ. మాకు దొరికిన డిస్కులు అంతే."

"తెలీదా?" ఫ్రౌ కెర్నర్ కుర్చీ ముందుకు లాక్కుంది. ఆ క్షణాన ఆవిడ ముఖం కూడా కిటాలో పిల్లల ముఖంలాగే ఉంది. బల్ల మీది టాబ్లెట్ తీసి వెతికింది. కాసేపటికి తెరను అందరికీ కనబడేలా తిప్పింది.

నలుపు తెలుపు బొమ్మ. మఫ్లర్‌తో మిస్టర్ పిల్‌బీమ్. నోరు తెరిచాడు, శబ్దం లేదు. మళ్లీ తెరిచాడు, లేదు. ఒక్కసారి గట్టిగా దగ్గాడు. నోట్లోంచి నలిగిపోయిన ఉత్తరం ఒకటి ఎగిరి బల్ల మీద పడింది.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, చిల్డ్రన్," అన్నాడు మిస్టర్ పిల్‌బీమ్.

చేపల తొట్టి దగ్గర కుర్చీ కిర్రుమంది. మనోజ్ఞ దిగి వచ్చి టీచరు ముందు నిలబడింది.

"ఫ్రౌ కెర్నర్," అంది, తడబాటు లేని జర్మన్‌లో. "నా పేరు మనోయ్‌నా కాదు, మనోజ్ఞ. నా ఎర్ర టోపీ లూకాస్ పెట్టుకుని తిరుగుతున్నాడు. చేపలకు పొద్దున లూకాస్ వాళ్ల నాన్న తిండి వేస్తాడు, మళ్లీ మీరూ వేస్తారు. అందుకే ఆ పసుపుది లావైపోయింది. ఇంకా చాలా ఉన్నాయి."

 ఫ్రౌ కెర్నర్ నంబరు కాగితాన్ని మెల్లగా మడిచి చెత్తబుట్టలో వేసింది.

గిరిజ కళ్లు తుడుచుకుని కూతుర్ని దగ్గరకు లాక్కుంది. "ఇన్ని మాటలు కడుపులో పెట్టుకుని, ఇన్నాళ్లూ ఇక్కడ నోరెందుకు విప్పలేదే తల్లీ?"

మనోజ్ఞ తెరమీది మేక వంక ఒకసారి తృప్తిగా చూసి, తల్లి చెవి దగ్గరకు వంగింది.

"మొక్కు ఫలించేసిందిగా, ఇప్పుడు బయటికి చెప్పొచ్చామ్మా?"